మొత్తములలో మరుగుపడు మనుష్యులు
(బహుముఖ వర్గీకరణ పట్టికలు – లాగ్-లీనియర్ నమూనాలు)

పరీక్షాఫలితములు వెలువడిన తరువాత జరుగు కళాశాల సమావేశములలో తరచుగా ఒక కాగితము చేతులు మారుచుండును. దానిమీద రెండు శాతములుండును. ఉర్దూ మాధ్యమమువారి ఉత్తీర్ణత ఇంత, తెలుగు మాధ్యమమువారి ఉత్తీర్ణత ఇంత. తక్కువ వచ్చిన పక్షమువారు తల వంచుకొందురు, ఎక్కువ వచ్చినవారు తమ బోధనకు అది ప్రశంసాపత్రమని తలంతురు. పేరు చెప్పనక్కరలేని ఒక సంస్థలో ఇట్టి కాగితమును ఆధారము చేసికొని ఒక విభాగమునే మూసివేయవలెనన్న ప్రస్తావన వచ్చినపుడు నేనచ్చట ఉంటిని. కమిటీలోని ఒక పెద్దమనిషి, లెక్కల మనిషి కాదు, వ్యాపారస్థుడు, “వీరిలో రోజూ దివిసీమనుండి బస్సులో వచ్చి పోవువారెందరు? బందరులోనే ఇల్లున్నవారెందరు?” అని అడిగినాడు. ఎవరివద్దను సమాధానము లేకపోయినది. మాధ్యమము ఒక పుస్తకములో, నివాసము మరియొక పుస్తకములో, ఫలితము ఇంకొక పుస్తకములో వ్రాసియున్నవి. మూడింటిని ఒక్కచోట చేర్చిన పట్టిక లేదు.

ఆ పెద్దమనిషి అడిగిన ప్రశ్నకు సాంఖ్యక శాస్త్రములో ఒక అధ్యాయమే ఉన్నది. దానిని మన విద్యార్థులకు, కమిటీవారికి కూడ బోధపడునట్లు చెప్పవలెనన్నదే ఈ వ్యాసోద్దేశము. గణితభాగమును తగ్గించితిని. కాని పూర్తిగా విడిచిపెట్టలేదు. గుణకారము, భాగహారము వచ్చినవారెవరైనను దీనిని అనుసరింపగలరు.

మనుష్యులను రెండు లక్షణములనుబట్టి విభజించి, ఒక లక్షణమును అడ్డువరుసలలోను, రెండవదానిని నిలువువరుసలలోను ఉంచి, గడులలో సంఖ్యలు వ్రాసినచో అది ద్విముఖ పట్టిక. మూడవ లక్షణము చేరినచో త్రిముఖము. అటుపైన ఎన్ని చేరినను బహుముఖమే. ఇట ఒక మాట చెప్పుటకు మనవంటి రెండు భాషల కళాశాలయే తగిన స్థలము. ఉర్దూలో ఖానా అనగా ఇల్లు, పట్టికలోని గడి కూడ ఖానాయే. ఇండ్ల లెక్కకు మన పాత గ్రామలెక్కలలో వాడిన ఖానేషుమారీ అను మాట ఇందునుండియే వచ్చినది. ప్రతి గడి ఒక ఇల్లు, అందులో కొందరు మనుష్యులు కాపురమున్నారు అని భావించిన విద్యార్థి ఈ శాస్త్రములో తప్పుదారి పట్టడు. రెండిండ్లవారిని కలిపి ఒకే లెక్కగా వ్రాసినపుడు ఏమి పోవునో అతనికి సులభముగా తెలియును.

మన ప్రాంతములో ఇట్టి లెక్క ఎంత అవసరమో 1977 నవంబరు 19 వ తేదీ చూపినది. ఆ శనివారమునాటి తుపానులో సుమారు 5 మీటర్ల ఎత్తున సముద్రము దివిసీమమీదికి వచ్చినది. మృతుల సంఖ్యను అధికారికముగా పదివేల ప్రాంతములో చెప్పినారు. అంతకు ముందు, 1864 నవంబరులో బందరును ముంచిన తుపానునకు సుమారు 30 వేలమంది బలియైనట్లు చెప్పుదురు. ఈ రెండును ఒక్కొక్క గడిగల పట్టికలు. ఒక ఊరిలో ఎక్కువమంది, పక్క ఊరిలో తక్కువమంది మరణించినారనుకొందము. సముద్రమునకు సామీప్యమే దానికి కారణమా? పూరిపాకలు ఎక్కువై డాబాలు తక్కువగుటయా? లేక ఆ ఊరిలో పసివారు, వృద్ధులు ఎక్కువగా ఉండుటయా? గుడివాడవంటి లోపలి ఊరికి గాలివానయే వచ్చును, ఉప్పెన రాదు. కాబట్టి దూరమునకు ఫలితముతో సంబంధముండుట నిశ్చయము. కాని ఒకే దూరములోనున్న రెండు ఇండ్లలో ఒకరు బ్రతికి ఒకరు చనిపోయినపుడు దూరము జవాబు కాజాలదు. ఊరు, ఇంటి రకము, వయస్సు, స్త్రీపురుష భేదము, ప్రాణము దక్కినదా లేదా అను ఐదింటిని ఒకే మనిషికి ఒకే వరుసలో వ్రాసిననే తప్ప ఈ ప్రశ్నలను వేరుచేయుట అసాధ్యము. 1970 నవంబరులో నాటి తూర్పు పాకిస్థానును ధ్వంసము చేసిన తుపాను తరువాత సోమర్, మోస్లీ అను వైద్యశాస్త్రజ్ఞులు ఇంటింటి పరిశీలనలో వయస్సును, లింగమును విడివిడిగా నమోదు చేయించినారు. పసిపిల్లలు, వృద్ధులు, స్త్రీలు అధికముగా మరణించినట్లు తేలినది. మొత్తము సంఖ్య ఎంత పెద్దదైనను ఈ సంగతిని చెప్పజాలదు.

విధానమును నేర్చుటకు, గడులన్నియు తెలిసిన, ఎవరైనను సరిచూచుకొనగల పట్టిక కావలెను. అదియు నీటి ప్రమాదమునకు సంబంధించినదే తీసికొందము. 1912 ఏప్రిల్ 15 న అట్లాంటిక్ మహాసముద్రములో మునిగిన టైటానిక్ ఓడలోని 2,201 మందిని తరగతి, లింగము, వయస్సు, ఫలితము అను నాలుగు లక్షణములతో విభజించిన పట్టిక ‘ఆర్’ అను ఉచిత సాఫ్ట్‌వేరుతో పాటే వచ్చును. బ్రిటిష్ బోర్డ్ ఆఫ్ ట్రేడ్ జరిపిన విచారణయందలి లెక్కలు దానికి మూలము. అందులోనుండి ఓడ సిబ్బందిని, మూడవ తరగతి ప్రయాణికులను మాత్రము తీసికొందము. వీరు 1,591 మంది.

సిబ్బంది 885 మందిలో 212 మంది బ్రతికినారు, 673 మంది మరణించినారు. మూడవ తరగతి 706 మందిలో 178 మంది బ్రతికినారు, 528 మంది మరణించినారు. శాతములు 24.0, 25.2. మీరెరిగిన కై-వర్గ పరీక్ష చేసినచో విలువ 0.34 మాత్రమే వచ్చును. 3.84 దాటిననే గదా 5 శాతము స్థాయిలో భేదమున్నదని చెప్పుదుము. కావున సిబ్బందికిని మూడవ తరగతివారికిని ప్రాణరక్షణలో భేదము లేదు, ఉన్నచో ప్రయాణికులే కొంచెము మెరుగు. పట్టికను ఇంతటితో మూసివేసినవాడు ఈ మాటనే నివేదికలో వ్రాయును.

ఇపుడు స్త్రీపురుషులను వేరుచేయుదము.

పురుషులు, సిబ్బంది : బ్రతికినవారు 192, మరణించినవారు 670
పురుషులు, మూడవ తరగతి : బ్రతికినవారు 88, మరణించినవారు 422
స్త్రీలు, సిబ్బంది : బ్రతికినవారు 20, మరణించినవారు 3
స్త్రీలు, మూడవ తరగతి : బ్రతికినవారు 90, మరణించినవారు 106

పురుషులలో సిబ్బంది 22.3 శాతము బ్రతికినారు, మూడవ తరగతివారు 17.3 శాతము. స్త్రీలలో సిబ్బంది 87.0 శాతము, మూడవ తరగతివారు 45.9 శాతము. అనగా పురుషులలోను సిబ్బందియే మెరుగు, స్త్రీలలోను సిబ్బందియే మెరుగు. రెండు గుంపులను కలిపినంతనే మూడవ తరగతివారు మెరుగైనారు! విద్యార్థి మొదట దీనిని చూచి కూడికలో తప్పున్నదనుకొనును. కూడిక సరియే. స్త్రీలను ముందుగా పడవలలోనికి ఎక్కించినారు. మూడవ తరగతిలో స్త్రీలు 196 మంది, అనగా నూటికి 28 మంది. సిబ్బందిలో స్త్రీలు 23 మందియే, నూటికి ముగ్గురు కూడ కారు. స్త్రీలు ఎక్కువగానుండుట అను లాభము మూడవ తరగతి లెక్కలో కలిసిపోయి, ఆ తరగతికి జరిగిన నష్టమును కప్పివేసినది. దీనిని 1951 లో సింప్సన్ వ్రాసిన వ్యాసమునుబట్టి సింప్సన్ వైపరీత్యమని పిలుతురు. యూల్ అను ఆంగ్లేయుడు 1903 లోనే ఇట్టి ప్రమాదమును గుర్తించియున్నాడు.

కమిటీలోని పెద్దమనిషి బస్సు ప్రశ్న సరిగా ఇదే. మాధ్యమమునకును ఫలితమునకును మధ్య నివాసము ఎచ్చటనో దాగియుండవచ్చును. కాని అన్ని పట్టికలను అన్ని లక్షణములతోను విడదీయుచు పోయినచో అంతెక్కడ? గడులు పెరిగినకొలది ఒక్కొక్క గడిలో మనుష్యులు తగ్గిపోదురు. ఏ లక్షణమును విడిచినను నష్టము లేదో, దేనిని విడిచినచో అబద్ధము చెప్పినట్లగునో నిర్ణయించుటకు ఒక కొలమానము కావలెను. ఆ కొలమానమే లాగ్-లీనియర్ నమూనా.

దాని మూలసూత్రము సులభము. మూడు లక్షణములును ఒకదానితో ఒకటి సంబంధము లేనివైనచో ఒక గడిలో ఉండవలసిన సంఖ్య గుణకారముచే వచ్చును. సిబ్బందిలోని స్త్రీలై మరణించినవారి గడిని చూడుడు. మొత్తము 1,591 లో సిబ్బంది భాగము 885, స్త్రీల భాగము 219, మరణించినవారి భాగము 1,201. ఆ మూడు భిన్నములను 1,591 తో గుణించినచో 92 వచ్చును. నిజముగా ఆ గడిలోనున్నవారు ముగ్గురు. స్వతంత్రతా భావన ఇట నిలువదని చెప్పుటకు పరీక్ష కూడ అక్కరలేదు.

గుణకారమునకు సంవర్గమానము తీసికొన్నచో కూడికయగును. కావున గడిలోని సంఖ్యకు సంవర్గమానమును, ఒక సాధారణ స్థాయి, తరగతి ప్రభావము, లింగ ప్రభావము, ఫలిత ప్రభావము అను పదముల కూడికగా వ్రాయవచ్చును. లక్షణములమధ్య సంబంధమున్నచో వాటికి జంట పదములను చేర్చుదుము: తరగతి–లింగము, లింగము–ఫలితము, తరగతి–ఫలితము. చివరకు మూడింటికి కలిపి ఒక ముప్పేట పదము. లాగ్ అనగా సంవర్గమానము, లీనియర్ అనగా కూడికగా వ్రాయబడినది. పేరులోని భయము ఇంతటితో తీరినది. ఏ పదములు ఉంచవలెను, ఏవి తీసివేయవచ్చును అనుటయే నమూనా ఎంపిక. చిన్న నమూనా పట్టికను చక్కగా వివరించినచో పెద్దదానితో పనిలేదు.

రెండవ నమూనాగా, సిబ్బందిలో స్త్రీలు తక్కువ, స్త్రీలకు రక్షణ ఎక్కువ, అంతకుమించి తరగతికిని ప్రాణమునకును నేరుగా సంబంధము లేదు అనుకొందము. అనగా తరగతి–లింగము, లింగము–ఫలితము అను రెండు జంటలే ఉంచుదుము. అపుడు సిబ్బంది స్త్రీలలో మరణములు 23 ను 109 తో గుణించి 219 తో భాగింపగా 11.4 కావలెను. ఉన్నవి 3. అన్ని గడులలోను ఇట్లు చూచి కై-వర్గము కట్టినచో 18.8 వచ్చును. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 2, హద్దు 5.99. ఈ నమూనా కూడ నిలువదు. కలిపిన పట్టికలో 0.34 గా కనబడి, లేదనిపించిన సంబంధము, లింగమును ఎదుట ఉంచుకొని చూచినపుడు బయటపడినది. నా ఉద్దేశమున ఈ రెండు సంఖ్యలను, 0.34 ను 18.8 ను, ప్రక్కప్రక్కన వ్రాసి గోడకు తగిలించుకొనుట మంచిది.

మూడవ నమూనాలో జంటలు మూడును ఉంచుదుము, ముప్పేట పదము మాత్రము తీసివేయుదుము. దీని అర్థము ఇది: సిబ్బందికి ఉన్న మేలు స్త్రీలలోను పురుషులలోను ఒకే నిష్పత్తిలో ఉన్నది. మాట చిన్నది, లెక్క కష్టము. దీనికి నేరైన సూత్రము లేదు. 1935 లో బార్ట్‌లెట్ ఈ ముప్పేట ప్రభావమునకు నిర్వచనమిచ్చి, ఎనిమిది గడుల పట్టికకు ఒక ఘన సమీకరణమును సాధించినాడు. మన దేశీయుడైన ఎస్.ఎన్. రాయ్, కాస్టెన్‌బామ్‌తో కలిసి 1956 లో పెద్ద పట్టికలకు ఆ భావనను విస్తరించినాడు. కాని చేతితో చేయగల ఉపాయము మరియొక వైపునుండి అంతకుముందే వచ్చియుండినది. 1940 నాటి అమెరికా జనాభా లెక్కల పనిలో డెమింగ్, స్టీఫన్ అనువారు గడులను అంచు మొత్తములకు సరిపెట్టుటకు ఒక పద్ధతిని కనుగొన్నారు.

ఆ పద్ధతిని నల్లబల్లమీద చేసి చూడవచ్చును. ఎనిమిది గడులలోను ముందుగా 1 వ్రాయుడు. తరగతి–లింగ మొత్తములకు సరిపోవునట్లు గడులను హెచ్చవేయుడు. అటుపిమ్మట లింగ–ఫలిత మొత్తములకు, ఆపైన తరగతి–ఫలిత మొత్తములకు. మూడవది సరిచేయగానే మొదటిది కొంచెము చెదరును. మరల మొదటినుండి చేయవలెను. ప్రతి చుట్టునకు చెదరుట తగ్గిపోవును. సిబ్బంది స్త్రీల మరణముల గడిని మాత్రమే వెంబడించినచో 11.5, 11.4, 11.0 అని మొదటి చుట్టు, తరువాత 10.5, 9.8 అని దిగుచు, చివరకు 9.2 వద్ద నిలుచును. వరిచేనిలో మూడు మడులకు నీరు సమము చేయు రైతు పని ఇట్టిదే. ఒక గట్టు తెరచిన రెండవ మడి మారును, దానిని సరిచేసిన మొదటిది మారును. రెండుమూడు మారులు తిరిగిన తరువాత నీరు ఒక మట్టమునకు వచ్చును.

నమూనా 9.2 అనుచున్నది, గడిలో 3 ఉన్నది. కై-వర్గము 8.5, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 1, హద్దు 3.84. ఇదియు నిలువలేదు. కావున ముప్పేట పదము అవసరము. సిబ్బందికి ఉన్న మేలు పురుషులలో ఒక విధము, స్త్రీలలో మరియొక విధము. బ్రతుకు–చావుల నిష్పత్తిని తీసికొన్నచో పురుషులలో సిబ్బందిది మూడవ తరగతివారికి 1.37 రెట్లు, స్త్రీలలో 7.85 రెట్లు. ఇట్టి పట్టికకు “సిబ్బందికి ఇంత మేలు” అని ఒకే సంఖ్య వ్రాయుట తగదు. రెండు సంఖ్యలు వ్రాయవలెను.

అయితే 7.85 ను చూచి ఉత్సాహపడరాదు. దాని వెనుక ఉన్నది 23 మంది స్త్రీలు, మూడు మరణములు. ఆ ముగ్గురు ఆరుగురైయుండినచో ఆ నిష్పత్తి 7.85 నుండి 3.3 కు దిగిపోవును. మేలున్నదన్న సంగతికి ఆధారమున్నది గాని, అది ఎంత అన్నదానికి గట్టి ఆధారము లేదు. చిన్న గడులవద్ద సాంఖ్యకుడు గొంతు తగ్గించి మాటలాడవలెను.

సాఫ్ట్‌వేరు సంగతి. పూర్వము ఈ పని యంత్రము లేనిదే పెద్ద పట్టికలకు సాధ్యమయ్యెడిది కాదు. 1972 లో నెల్డర్, వెడ్డర్‌బర్న్ అనువారు ఇట్టి నమూనాలన్నింటిని ఒకే గొడుగు క్రిందికి తెచ్చినారు. 1974 లో ‘గ్లిమ్’ అను ప్రోగ్రాము వచ్చినది. 1975 లో బిషప్, ఫీన్‌బర్గ్, హాలండ్ అనువారి పెద్ద గ్రంథము వెలువడినది. నేడు ‘ఆర్’ ను ఎవరైనను రుసుము లేకుండ దింపుకొనవచ్చును. సాధారణమైన కంప్యూటరు చాలును. నాలుగు నిలువువరుసలు గల పట్టికను తయారుచేయుడు: తరగతి, లింగము, ఫలితము, సంఖ్య. ఎనిమిది అడ్డువరుసలు వచ్చును. తరువాత ‘జి.ఎల్.ఎం.’ అను ఆజ్ఞలో, ఎడమవైపు సంఖ్య, కుడివైపు లక్షణములు వ్రాసి, కుటుంబము అనుచోట ‘పాయిసాన్’ అని తెలుపవలెను. రెండు లక్షణములమధ్య కూడిక గుర్తు ఉంచినచో వాటికి సంబంధము లేదని, నక్షత్రపు గుర్తు ఉంచినచో సంబంధమున్నదని అర్థము. ఇంతకంటె నేర్వవలసిన వ్యాకరణము లేదు. డెమింగ్–స్టీఫన్ పద్ధతియే కావలెనన్నచో ‘లాగ్‌లిన్’ అను ఆజ్ఞ ఉన్నది.

ఆ కంప్యూటరు ఇచ్చు జవాబులో ‘డీవియన్స్’ అని ఒక సంఖ్య ఉండును. మన మూడవ నమూనాకు అది 9.7. మనము కట్టిన కై-వర్గము 8.5. రెండు వేరుగా ఉన్నవని కంగారుపడరాదు. ఒకే ప్రశ్నకు అవి రెండు కొలతలు, గడులు పెద్దవైనకొలది రెండును దగ్గరగును. ఈ 8.5 గూర్చి మనవారు తెలిసికొనదగిన సంగతి ఒకటి కలదు. రెండు నమూనాలను పోల్చు ఆజ్ఞలో ఏ పరీక్ష కావలెనో పేరు వ్రాయవలసిన చోట ‘రావు’ అని ఆంగ్లాక్షరములలో వ్రాయవచ్చును. ఆ రావు మన కల్యంపూడి రాధాకృష్ణారావుగారే. 1920 లో హడగలిలో పుట్టి, గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్టణములలో చదువుకొని, ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితములో ఎం.ఏ. పొంది, కలకత్తాలోని భారతీయ సాంఖ్యక సంస్థలో చేరినారు. నూజివీడు, నందిగామలు రెండును అప్పటి కృష్ణా జిల్లాలోనివే. 1948 లో ఆయన ప్రకటించిన స్కోర్ పరీక్షను ఇట్టి పట్టికకు ప్రయోగించి, ముప్పేట పదము కావలెనా అని అడిగినచో వచ్చు జవాబు సరిగా 8.5 యే. పియర్సన్ 1900 లో ఇచ్చిన కై-వర్గమును, రావుగారి స్కోరును ఇట ఒకే సంఖ్యగా కలియును. 2023 ఆగస్టు 22 న నూటరెండేండ్ల వయస్సులో ఆయన కన్నుమూసినారు.

కళాశాలలకు నేరుగా సంబంధించిన ఉదాహరణము కూడ అదే సాఫ్ట్‌వేరులో ఉన్నది. 1973 లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయమున ఆరు పెద్ద విభాగములకు దరఖాస్తు చేసిన పురుషులు 2,691 మందిలో 1,198 మందికి, స్త్రీలు 1,835 మందిలో 557 మందికి ప్రవేశము లభించినది. శాతములు 44.5, 30.4. స్త్రీలపట్ల పక్షపాతము జరిగినదని ఎవరైనను అనుకొందురు. విభాగములవారీగా విడదీసినచో, మొదటి విభాగములో స్త్రీలు 108 మందిలో 89 మందికి, పురుషులు 825 మందిలో 512 మందికి సీట్లు వచ్చినవి. అచ్చట స్త్రీలదే పైచేయి. తక్కిన విభాగములలో ఇరువురికిని పెద్ద తేడా లేదు. స్త్రీలు ఎక్కువగా దరఖాస్తు చేసినవి ప్రవేశము దుర్లభమైన విభాగములు. బికెల్, హామెల్, ఓకానెల్ అనువారు 1975 లో దీనిని ప్రకటించిరి. అయితే ఇంతటితో అన్యాయమే లేదని తీర్పు చెప్పుటకు నేనొప్పుకొనను. ఆడపిల్లలు ఆ విభాగములవైపే ఏల పోయిరి, ఆ విభాగములలో సీట్లు ఏల తక్కువగా ఉన్నవి అన్న ప్రశ్నలు పట్టిక వెలుపల మిగిలియే ఉన్నవి. పట్టికలో వ్రాయని లక్షణమును గూర్చి ఏ సాఫ్ట్‌వేరును జవాబు చెప్పదు.

మన రిజిస్టరునకు వత్తము. నివాసము మూడు విధములు: బందరు, గుడివాడ, దివిసీమ. మాధ్యమము రెండు, లింగము రెండు, ఫలితము రెండు. మొత్తము 24 గడులు. మనవంటి చిన్న కళాశాలలో కొన్ని గడులలో ఒకరో ఇద్దరో ఉందురు, కొన్ని శూన్యముగా ఉండును. శూన్యములలోను రెండు జాతులున్నవి. దివిసీమనుండి ఉర్దూ మాధ్యమములో చదువు బాలిక ఈ ఏడు ఎవరును చేరలేదు, వచ్చే ఏడు చేరవచ్చును. ఇది యాదృచ్ఛికమైన సున్న. నమూనా దీనిని భరించును. బాలికలకు ప్రవేశమే లేని ఒక విభాగమున్నచో ఆ గడిలోని సున్న వేరు. అది ఎన్నటికిని నిండని గడి, దానిని లెక్కనుండి ముందే తొలగించి సాఫ్ట్‌వేరునకు చెప్పవలెను. చెప్పకపోయినచో రాదగినవారు రాలేదని యంత్రము భావించును. రానీయబడనివారిని రానివారిగా లెక్కించుట యంత్రమే కాదు, మనుష్యులును చేయుచున్న తప్పే.

ఇందుకు కావలసినది ఖర్చు కాదు, కూర్చుండి వ్రాయు ఓపిక. విద్యార్థికి ఒక వరుస. నివాసము, మాధ్యమము, లింగము, రోజూ వచ్చిపోవువాడా కాదా, ఇంటిలో ముందు చదివినవారున్నారా, ఫలితము. పేర్లు తీసివేసి, వరుసలను మాత్రము సాంఖ్యక విభాగమునకు ఇచ్చినచో బి.ఎస్సీ. విద్యార్థులే ఒక మధ్యాహ్నములో పట్టిక కట్టగలరు. ఒక సంవత్సరపు గడులు చిన్నవైనచో మూడు నాలుగు సంవత్సరములు చేర్చవచ్చును. అపుడు సంవత్సరము కూడ ఒక లక్షణమగును. శాతములను మాత్రము భద్రపరచి వరుసలను పారవేయరాదు. వరుసలనుండి శాతము ఎప్పుడైనను వచ్చును, శాతమునుండి వరుసలు రావు.

అభ్యాసము కోరు విద్యార్థులకు : టైటానిక్ పూర్తి పట్టికలో తరగతులు నాలుగు (సిబ్బందితో కలిపి), లింగము రెండు, వయస్సు రెండు, ఫలితము రెండు. గడులు 32. వాటిలో 8 సున్నలున్నవి. అందు నాలుగు ఎన్నటికిని నిండనివి. ఏవో, ఏలనో ముందుగా కాగితముమీద వ్రాసి, అటుపిమ్మట కంప్యూటరువద్దకు పొండు. జంట పదములన్నియు ఉంచి, ముప్పేట పదములను ఒక్కొక్కటిగా చేర్చుచు, ఏది చేర్చినపుడు డీవియన్స్ ఎక్కువగా తగ్గుచున్నదో చూడుడు. ఆ పదము ఏ మనుష్యులను గూర్చి మాటలాడుచున్నదో తెలుగులోగాని ఉర్దూలోగాని ఒక వాక్యములో వ్రాసి తెండు.